గంటసేపు గొరిల్లాల చెంత

ఉగాండా దేశపు నైరుతి మూలన బ్విండీ అనే అడవి ఉంది. 'చొరరాని అడవి' అన్న మాట దాని అధికారిక నామంలోనే చేరి ఉంది. ఆ అడవి అంచునున్న బుహోమాలోనూ, సరిహద్దుకు ఆవల రువాండాలోని కినిగిలోనూ ప్రతిరోజూ ఉదయం ఏడెనిమిది గంటల మధ్య ఒకే తంతు నడుస్తుంది. దేశదేశాల నుంచి వచ్చినవారిని ఎనిమిదేసి మంది చొప్పున జట్లు చేస్తారు. ఒక్కొక్క జట్టుకు ఒక గొరిల్లా కుటుంబాన్ని కేటాయిస్తారు. ఆపైన మార్గదర్శి నియమాలు వివరిస్తాడు. దగ్గు, జలుబు, జ్వరం ఉన్నవారు ముందే చెప్పి ఆగిపోవాలి. పదిహేనేళ్ళు నిండనివారికి ప్రవేశం లేదు. గొరిల్లాల సమీపానికి చేరగానే ముక్కూ నోరూ మూసేలా మాస్కు ధరించాలి. దూరం పది మీటర్లకు తగ్గకూడదు. అవి కనబడిన క్షణం నుంచి ఒక గంట గడవగానే వెనుదిరగాలి. ఆ గంటకు విదేశీ యాత్రికుడు చెల్లించవలసినది ఉగాండాలో 800 డాలర్లు, రువాండాలో 1500 డాలర్లు.

తొలిచూపులో ఇదంతా సంపన్నుల విహారానికి అమర్చిన హంగులా తోస్తుంది. కాని ఈ నియమాల్లో దాదాపు ప్రతి ఒక్కదాని వెనుకా ఒక వ్యాధో, ఒక మరణమో, పరిరక్షకుల మధ్య సాగిన ఒక వివాదమో ఉన్నాయి. మనిషి అలికిడి వినగానే పొదల్లోకి తప్పుకోవడం ఆ జంతువుకు సహజంగా ఉన్న రక్షణ. ఆ భయాన్ని మనుషులు పనిగట్టుకుని, ఏళ్ళ తరబడి ఓపికతో పోగొట్టిన తరువాతనే ఈ సందర్శన సాధ్యమైంది. అలా పోగొట్టడం గొరిల్లాలకు మేలు చేసిందా, కీడు చేసిందా అన్న ప్రశ్నకు నాలుగున్నర దశాబ్దాల అనుభవం ఇచ్చిన సమాధానం కొంత చిక్కైనది.

గొరిల్లా అనగానే చాలామంది తెలుగువారికి తలపుకొచ్చేది సినిమాల్లోని కింగ్‌కాంగ్. తెలుగు రాతలో మరో తికమక కూడా ఉంది. 'గెరిల్లా' యుద్ధాన్ని 'గొరిల్లా' యుద్ధమని రాసినవారు తక్కువేమీ కాదు. స్పానిష్ భాషలో చిన్నపాటి యుద్ధమనే అర్థమున్న ఆ మాటకూ ఈ అడవి జీవికీ ఏ సంబంధమూ లేదు. మైసూరు జంతుప్రదర్శనశాలలో గొరిల్లాలను చూసినవారు ఇంకొక సంగతి గమనించాలి. అవి పశ్చిమ మైదాన గొరిల్లాలు. మధ్య ఆఫ్రికా అడవుల్లో వాటి సంఖ్య లక్షల్లో ఉంది. కొండ గొరిల్లా వేరు. చలికి తగినట్టు ఒత్తుగా పెరిగిన నల్లటి వెంట్రుకలతో, మూడు వేల మీటర్ల ఎత్తున మంచులోనూ వానలోనూ బతికే ఉపజాతి అది. నేడు ప్రపంచంలోని ఏ జంతుప్రదర్శనశాలలోనూ కొండ గొరిల్లా లేదు. 1969లో జర్మనీలోని కొలోన్ నగరపు జంతుప్రదర్శనశాల కోసం కోకో, పకర్ అనే రెండు పిల్లలను పట్టారు. పిల్లను పట్టాలంటే అడ్డువచ్చే పెద్దలను చంపక తప్పదు. ఆ రెంటి కుటుంబాల్లోని పెద్దవి అనేకం అలా బలయ్యాయి. దాదాపు తొమ్మిదేళ్ళ బందీ జీవితం తరువాత 1978లో ఆ రెండూ చనిపోయాయి. కాబట్టి ఈ జీవిని చూడదలచినవారు దాని చోటికే వెళ్ళాలి.

ఆ చోట్లు భూమ్మీద రెండే. ఒకటి బ్విండీ, దాన్ని ఆనుకుని కాంగో వైపునున్న సరాంబ్వే. రెండవది రువాండా, ఉగాండా, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం కలిసేచోట వరుసగా నిలిచిన విరుంగా అగ్నిపర్వతాల వాలు. ఈ రెంటి మధ్య ఎడం ఎక్కువేమీ లేదు, పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో. అయితే ఆ నడుమ అంతా పొలాలు, ఊళ్ళు. ఒక అడవి గొరిల్లా మరో అడవికి చేరే దారి మూసుకుపోయి చాలాకాలమైంది. 2015-16లో జరిపిన లెక్కింపులో విరుంగాలో 604, 2018 నాటి లెక్కింపులో బ్విండీ-సరాంబ్వేలో 459 తేలాయి. రెండూ కలిపితే 1063. ఒక మోస్తరు పల్లెటూరి జనాభా అంత.

బయటి ప్రపంచానికి ఈ జీవి తెలియడమే తుపాకీ గుండుతో మొదలైంది. 1902 అక్టోబరు 17న రాబర్ట్ ఫాన్ బెరింగె అనే జర్మన్ సైనికాధికారి సబిన్యో పర్వతం ఎక్కుతూ రెండు పెద్ద నల్లటి వానరాలను కాల్చాడు. అవి లోయలో పడ్డాయి. వాటిలో ఒకదాన్ని పైకి లాగి బెర్లిన్ మ్యూజియానికి పంపాడు. మరుసటి ఏడు పాల్ మాచీ అనే శాస్త్రజ్ఞుడు దానికి కాల్చినవాడి పేరే పెట్టాడు. శాస్త్రీయ నామంలో 'బెరింగెయి' అన్న మాట నేటికీ రెండుసార్లు వినిపిస్తుంది. ఆ తరువాత మ్యూజియాల వంతు వచ్చింది. అమెరికన్ శిల్పి, జంతుచర్మాలకు జీవకళ తేవడంలో నిపుణుడు అయిన కార్ల్ ఏక్లీ 1921లో న్యూయార్కు మ్యూజియం కోసం ఇక్కడ గొరిల్లాలను వేటాడాడు. వేటాడిన తరువాత పశ్చాత్తాపపడ్డాడు కూడా. బెల్జియం రాజు ఆల్బర్ట్‌ను ఒప్పించి ఈ పర్వతాలను అభయారణ్యంగా ప్రకటింపజేయడానికి అతడు చేసిన కృషి ఫలితంగా 1925లో ఆఫ్రికా ఖండపు తొలి జాతీయ వనం వెలిసింది. మరుసటి సంవత్సరమే మికెనో పర్వతం వాలున మరణించి అక్కడే సమాధి అయ్యాడు. న్యూయార్కు సహజ చరిత్ర మ్యూజియంలో ఏక్లీ పేరిట ఉన్న విశాలమైన హాలుకు పిల్లలను వెంటబెట్టుకు వెళ్ళే తెలుగు కుటుంబాలు గాజుపలక వెనుక చూసేది ఆ యాత్రలో నేలకొరిగిన గొరిల్లాలనే.

వేటను వదిలి పరిశీలనకు దిగిన తొలి ముఖ్యుడు జార్జ్ షాలర్. 1959-60లో ఏక్లీ సమాధి ఉన్న కబారా మైదానంలోనే గుడిసెలో మకాం పెట్టి, ఆయుధం లేకుండా, ఒంటరిగా, గొరిల్లాలకు కనబడేలా నడిచి, దూరాన కూర్చుని చూశాడు. దాక్కున్న మనిషిని చూస్తే అవి బెదురుతాయి. ఎదురుగా నిశ్చలంగా కూర్చున్న మనిషిని కొన్నాళ్ళకు పట్టించుకోవడం మానేస్తాయి. ఆయన గ్రహించిన ఈ చిన్న సత్యమే నేటి సందర్శనకు పునాది. గుండెలు బాదుకునే భీకర మృగం నిజానికి అడవి సెలెరీ కాడలు, తిస్టిల్ మొక్కలు, వెదురు మొలకలు నములుతూ, మధ్యాహ్నం కునుకు తీస్తూ, రోజూ సాయంత్రం కొత్తగా ఆకులూ కొమ్మలూ పరచుకుని పడుకునే శాకాహారి అని లోకానికి తెలిసింది.

డయాన్ ఫాసీ 1967 సెప్టెంబరులో కరిసింబి, బిసోకె పర్వతాల నడుమ కరిసోకె పరిశోధనా స్థానాన్ని నెలకొల్పేనాటికి పరిస్థితి విషమించింది. 1968-69 ప్రాంతంలో రువాండా వనంలో దాదాపు పదివేల హెక్టార్లు, అంటే సుమారు నలభై శాతం అడవి, పైరెత్రం సాగుకోసం కొట్టివేశారు. పైరెత్రం చామంతిని పోలిన తెల్లటి పువ్వు. దాన్ని ఎండబెట్టి పొడిచేస్తే కీటకనాశిని అవుతుంది. దోమల నివారణకు వెలిగించే చుట్టల్లో తొలినాళ్ళలో వాడింది దీనినే. ఐరోపా సహాయంతో మొదలైన ఆ పథకానికి కొద్ది సంవత్సరాల్లోనే ప్రయోగశాలల్లో తయారైన కృత్రిమ రసాయనాలు పోటీకి వచ్చాయి. గిరాకీ పడిపోయింది. పోయిన అడవి మాత్రం తిరిగి రాలేదు. అడవిలో జింకలకోసం పన్నిన తీగ ఉచ్చుల్లో గొరిల్లాల చేతులూ కాళ్ళూ చిక్కేవి. తెగిన చేతులతో బతికినవి కొన్ని, గాయాలు చీము పట్టి చచ్చిపోయినవి కొన్ని. 1977 డిసెంబరు 31న ఫాసీకి ఎంతో ఇష్టమైన డిజిట్ అనే మగ గొరిల్లాను వేటగాళ్ళు ఈటెలతో పొడిచి, తలా చేతులూ నరికి పట్టుకుపోయారు. 1981 నాటికి విరుంగా గొరిల్లాల సంఖ్య సుమారు 250కి దిగింది.

సరిగ్గా ఆ కాలంలో బిల్ వెబర్, ఏమీ వెడ్డర్ అనే యువ దంపతులు కరిసోకె చేరారు. ఆమె గొరిల్లాల ఆహారాన్ని లెక్కించింది. ఆయన అడవి చుట్టూ ఉన్న ఊళ్ళు తిరిగి రైతులతో మాట్లాడాడు. రైతుల్లో సగం మంది ఆ అడవిని కొట్టి పొలాలు చేయాలనే అన్నారు. అందులో ఆశ్చర్యం లేదు. ఆఫ్రికాలోకెల్లా జనసాంద్రత ఎక్కువైన దేశాల్లో రువాండా ఒకటి. తండ్రి చేతిలోని ఎకరం కొడుకుల మధ్య ముక్కలవుతున్న రోజులవి. అదే సమయంలో వనంలో మరో ఐదువేల హెక్టార్లను పశువుల పెంపకానికి మళ్ళించే ప్రతిపాదన ప్రభుత్వం ముందుకొచ్చింది. అది అమలైతే గొరిల్లాల కథ అక్కడితో ముగిసేది. జాలి గురించిన ఉపన్యాసం ఆ ప్రతిపాదనను ఆపలేదని దంపతులకు తెలుసు. పశువుల వల్ల వచ్చే ఆదాయం ఎంత, బతికున్న గొరిల్లాను చూపితే వచ్చే ఆదాయం ఎంత అన్న లెక్క వేసి చూపారు. 1979లో 'మౌంటెన్ గొరిల్లా ప్రాజెక్టు' మొదలైంది. పశువుల పథకం వెనక్కు పోయింది. మార్గదర్శితో కూడిన నియంత్రిత సందర్శన అప్పుడు పుట్టింది.

ఫాసీకి ఇది నచ్చలేదు. పర్యాటకుల రాకను ఆమె మొదటి నుంచీ ప్రతిఘటించింది. గస్తీలు తిరగడం, ఉచ్చులు కోసివేయడం, వేటగాళ్ళను పట్టడం, ఇదే ఆమె దృష్టిలో చేయవలసిన పని. మిగిలినదంతా కాగితాల మీది పరిరక్షణ. 1985 డిసెంబరులో కరిసోకెలోని తన గుడిసెలో హత్యకు గురయ్యేవరకూ ఆ అభిప్రాయం మారలేదు. ఈ వివాదాన్ని కథగా చెప్పేవారు ఎవరో ఒకరిని మూర్ఖులుగా చిత్రించడం పరిపాటి. చరిత్ర అంత సులువైన తీర్పునివ్వదు. సందర్శకుల సొమ్ము లేకపోతే అడవి మిగిలేది కాదన్న మాట నిజమైంది. మనుషుల రాకపోకలు జబ్బులు తెస్తాయన్న ఆమె భయమూ నిజమైంది.

గొరిల్లాలను మనుషులకు అలవాటు చేయడమంటే మచ్చిక చేయడం కాదు. వాటికి తిండి పెట్టరు, తాకరు, పిలవరు. ఒక బృందం రోజూ అదే కుటుంబం వెంట వెళ్ళి, కనబడి, కాసేపు ఉండి వస్తుంది. మొదట్లో గొరిల్లాలు పారిపోతాయి. తరువాత కుటుంబ పెద్ద ఎదురు తిరుగుతాడు. పన్నెండేళ్ళు దాటిన మగవాటి వీపున వెంట్రుకలు వెండి రంగు తేలుతాయి కనుక వాటిని వెండివీపు మగలంటారు. నూటయాభై కిలోలు దాటిన ఆ దేహం అరుస్తూ దూసుకొచ్చి నాలుగైదు అడుగుల దూరంలో ఆగుతుంది. అప్పుడు పరుగెత్తినవాడి పని అయిపోతుంది. తలవంచి, కూర్చుని, ఆకు నములుతున్నట్టు నటించేవాడి వెంట మరునాడు మరో రోజు గడుస్తుంది. ఇలా రెండేళ్ళు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. ఒక్కొక్క గొరిల్లాను దాని ముక్కు మీది ముడతలను బట్టి గుర్తుపడతారు. మనిషికి వేలిముద్రల్లాగా ఏ రెండింటి ముక్కులూ ఒకేలా ఉండవు.

ఈ ప్రక్రియ ఫలితాన్ని 2011లో మార్తా రాబిన్స్, ఆమె సహచరులు లెక్కకట్టారు. 1967 నుంచి 2008 వరకు విరుంగాలో మనుషులకు అలవాటు పడిన కుటుంబాలు ఏటా 4.1 శాతం చొప్పున పెరిగాయి. అలవాటు పడనివి ఏటా 0.7 శాతం తరిగాయి. భయం కోల్పోయినవి వృద్ధి చెంది, భయం నిలుపుకొన్నవి క్షీణించడం వింతగా కనబడవచ్చు. కారణం తేటగానే ఉంది. అలవాటు పడిన కుటుంబాన్ని ప్రతిరోజూ ఎవరో ఒకరు చూస్తారు. ఉచ్చులో చెయ్యి ఇరుక్కుంటే ఆ సాయంత్రానికే తెలుస్తుంది. 1986 నుంచి ఇక్కడ పనిచేస్తున్న పశువైద్యులు, నేటి 'గొరిల్లా డాక్టర్స్', మత్తు సూది పేల్చి తీగ కోసివేస్తారు, న్యుమోనియాకు మందిస్తారు. అడవి జంతువులకు ఈ స్థాయిలో వైద్యం, కాపలా మరెక్కడా లేవనే చెప్పాలి. సందర్శనకు ఎవరినీ తీసుకెళ్ళని పరిశోధనా కుటుంబాలు కూడా ఇలాగే పెరిగాయని గమనిస్తే, మేలు చేసింది యాత్రికుడి చూపు కాదని, యాత్రికుడి సొమ్ముతో నిలిచిన నిత్య పర్యవేక్షణ అని అర్థమవుతుంది. గొరిల్లాలూ తమ వంతు పని చేసుకుంటాయి. 2012లో రువాండాలో నాలుగేళ్ళ వయసున్న రెండు గొరిల్లాలు ఒక ఉచ్చును కలిసి ఊడబెరికి పారేయడం కరిసోకె సిబ్బంది కళ్ళారా చూశారు.

నడక విషయానికొస్తే, యాత్రికులు నిద్ర లేచేసరికే జాడగాళ్ళు అడవిలో ఉంటారు. గొరిల్లాలను ముందు రోజు వదిలిన చోటికి తెల్లవారుతూనే చేరుకుని, విరిగిన కాడలు, పేడ, నలిగిన గడ్డి ఆధారంగా రాత్రి పడకలు కనుగొంటారు. పడకలను లెక్కపెడితే కుటుంబ సభ్యులంతా క్షేమమో కాదో తెలుస్తుంది. అక్కడినుంచి తాజా జాడ పట్టుకుని ముందుకెళ్ళి, ఆచూకీని మార్గదర్శికి రేడియోలో చెబుతారు. అందుకే కొందరికి ముప్పావు గంటలో దర్శనమవుతుంది, మరికొందరికి ఐదారు గంటలు పడుతుంది. గొరిల్లాలకు నిర్ణీత చిరునామా ఉండదు. విరుంగాలో బాట ముందు బంగాళాదుంప, పైరెత్రం పొలాల గుండా సాగుతుంది. అడవి గేదెలు పొలాల్లోకి రాకుండా కట్టిన రాతిగోడ దాటితే వెదురు వనం. బ్విండీలో లోయలు నిట్టనిలువుగా ఉంటాయి. కాలు మోపినచోట నేల కాక అల్లుకున్న తీగలే ఉంటాయి. దూలగొండిలా దురద పెట్టే నెటిల్ మొక్కలకు చేతి తొడుగులు, సఫారీ చీమలకు ప్యాంటు అంచులను లోపలికి దోపుకున్న పొడవాటి మేజోళ్ళు అవసరం. సామాను మోయడానికీ, జారేచోట చెయ్యి అందించడానికీ ఊరివాళ్ళు కూలికి వస్తారు. తమకు అక్కరలేదని చెప్పి వారిని వద్దనే దృఢకాయులు ఉంటారు. ఆ కూలీ పుచ్చుకునే పదిహేను ఇరవై డాలర్లు టికెట్టు సొమ్ములాగా రాజధాని చుట్టి రావు; సరాసరి ఆ ఇంటికి చేరతాయి. వద్దనకపోవడమే మర్యాద.

జాడగాళ్ళను కలవగానే సంచులు, చేతికర్రలు, తినుబండారాలు అక్కడే దించాలి. కర్ర చూస్తే గొరిల్లాకు ఈటె గుర్తుకు రావచ్చు. చివరి కొన్ని గజాల్లో మార్గదర్శి గొంతులో లోతుగా, త్రేన్పుకు గొంతు సవరింపుకు మధ్యస్థమైన ఒక చప్పుడు చేస్తాడు. గొరిల్లాలు తమలో తాము క్షేమం తెలుపుకునే చప్పుడు అది. అవతలి నుంచి అదే వినబడితే ముందుకు సాగుతారు. అప్పుడు కనబడేది చాలామంది ఊహించినంత నాటకీయంగా ఉండదు. వెల్లకిలా పడుకున్న వెండివీపు మగ, దాని పొట్ట మీద ఎక్కి దిగుతున్న పిల్లలు, పిల్ల తలలో వెంట్రుకలు పాయలు తీస్తున్న తల్లి, ఎవరినీ లెక్కచేయకుండా కాడ పొట్టు ఒలుచుకుంటున్న ఒక యౌవన మగ. ఎనిమిదిన్నర నెలలు మోసి కని, సుమారు నాలుగేళ్ళు చంకన వేసుకు తిరిగే తల్లులవి. వాటి నెమ్మది పెరుగుదలకు ఇదే కారణం.

పది మీటర్ల నియమానికి అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. మనిషికీ గొరిల్లాకూ జన్యువుల్లో సుమారు 98 శాతం పోలిక ఉంది. మనిషికి వచ్చే దగ్గు దానికీ వస్తుంది. మనిషికి ఉన్న రోగనిరోధక శక్తి దానికి ఉండదు. 1988లో విరుంగాలో శ్వాసకోశ వ్యాధి ప్రబలి ఆరు గొరిల్లాలు చనిపోయాయి. తట్టు అని అనుమానించి మిగిలిన వాటికి సూదులతో టీకాలు పేల్చారు. 1996లో బ్విండీలో గజ్జి సోకి ఒక పిల్ల మరణించింది. ఉగాండా వన్యప్రాణి శాఖకు తొలి పశువైద్యురాలైన గ్లాడిస్ కలెమా-జికుసోకా పరిశీలనలో అనుమానం పడింది పొలాల్లోని దిష్టిబొమ్మల మీద. పంట కాపాడుకోవడానికి రైతులు తొడిగిన పాత బట్టలను ఆసక్తితో తడిమిన గొరిల్లాలకు ఆ ఊరి గజ్జి అంటుకుంది. ఊరివాళ్ళకు సబ్బూ, వైద్యమూ అందనంత కాలం గొరిల్లాల ఆరోగ్యం గురించి మాట్లాడడం వృథా అని ఆమెకు అర్థమైంది. 2003లో ఆమె స్థాపించిన సంస్థ మనుషుల ఆరోగ్యాన్నీ జంతువుల ఆరోగ్యాన్నీ ఒకే పనిగా చేపట్టింది. 2009లో రువాండాలో మనుషుల నుంచి వచ్చిన మెటాన్యుమోవైరస్ ఒక కుటుంబాన్ని పట్టి రెంటిని బలిగొంది.

నియమం ఉంది, అమలు సంగతి వేరు. ఏడు మీటర్ల నియమం ఉన్న రోజుల్లో బ్విండీలో పరిశోధకులు 53 యాత్రలను గమనిస్తే 52 యాత్రల్లో అది చెదిరింది. సామాజిక మాధ్యమంలో 2013-2019 మధ్య యాత్రికులు తమంత తాముగా పంచుకున్న 858 ఫోటోలను మరో బృందం పరిశీలిస్తే 86 శాతం ఫోటోల్లో మనిషి, గొరిల్లా నాలుగు మీటర్లలోపే ఉన్నారు. ఇందులో తప్పంతా యాత్రికుడిదే అనలేం. పొదలు దట్టంగా ఉన్నచోట పది మీటర్ల అవతల ఆకులు తప్ప ఏమీ కనబడవు. కుతూహలం ఆపుకోలేని పిల్ల గొరిల్లా తానే వచ్చి బూటు లాగుతుంది. పైగా దగ్గరినుంచి చూపిన మార్గదర్శికి బహుమానం ఎక్కువ ముడుతుంది. వేలమైళ్ళు ఎగిరివచ్చి, పెద్ద సొమ్ము కట్టినవాడు ఉదయం లేవగానే గొంతు గరగరలాడితే నిజం చెబుతాడా అన్నది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. చెప్పినవారికి సొమ్ములో కొంతైనా వెనక్కి ఇచ్చే వెసులుబాటు ఉన్నచోటే నిజాయతీ నిలుస్తుంది. ఇటీవల బ్విండీలోని రుషాగాలో, ఇంకా పూర్తిగా అలవాటు పడని కుటుంబంతో నలుగురిని నాలుగు గంటలు గడపనిచ్చే ఖరీదైన యాత్రను అమ్ముతున్నారు. ఒక గంట అన్న హద్దును రోగభయంతో గీసిన తరువాత, ఎక్కువ డబ్బుకు ఆ హద్దును జరపడం సమర్థించుకోవడం కష్టం.

యుద్ధాలు కూడా ఈ అడవుల మీదుగానే నడిచాయి. 1994 నాటి రువాండా జాతి సంహారం, శరణార్థుల వెల్లువ విరుంగా చెట్లను వంటచెరకు చేశాయి. రువాండాలో సందర్శనలు 1999లో గాని తిరిగి మొదలు కాలేదు. అదే 1999 మార్చి 1న సాయుధులు బుహోమా మీద పడి ఎనిమిదిమంది విదేశీ యాత్రికులను చంపారు. 2007లో కాంగో వైపున సెంక్వెక్వె అనే వెండివీపు మగనూ దాని కుటుంబాన్నీ కాల్చారు. వెనుక ఉన్నది అడవిని బొగ్గుగా మార్చి అమ్ముకునే ముఠాల పగ. కాంగోలో వనరక్షకులు నేటికీ ప్రాణాలు పణంగా పెట్టి పనిచేస్తున్నారు.

గొరిల్లాలను కాపాడిన ఖర్చు అందరూ సమానంగా భరించలేదు. 1991లో బ్విండీని జాతీయ వనంగా ప్రకటించినప్పుడు తరతరాలుగా ఆ అడవిలో తేనె తీసి, చిన్న జింకలను వేటాడి బతికిన బత్వాలను బయటకు పంపేశారు. వాళ్ళు సాగుదారులు కారు కనుక చేతిలో భూమి కాగితం లేదు. కాగితం లేనివారికి పరిహారమూ లేదు. గొరిల్లాను వాళ్ళు తినేవారు కారు. పులుల అభయారణ్యం పేరిట నల్లమల చెంచులు ఎదుర్కొంటున్న ఒత్తిడి తెలిసిన పాఠకులకు ఈ ఉదంతం కొత్తగా అనిపించదు. 2021లో ఉగాండా రాజ్యాంగ న్యాయస్థానం బత్వాలకు అన్యాయం జరిగిందని తేల్చి, పరిహారక చర్యలు అవసరమంది. ఇప్పుడు వారిలో కొందరు యాత్రికుల కోసం అడవి అంచున తమ పూర్వపు వేట, నిప్పు రాజేసే పద్ధతి, పాట ప్రదర్శించి జీవిస్తున్నారు. సొంత ఇంటి ముందు టికెట్టు పెట్టి ఆ ఇంటి కథ చెప్పినట్టు ఉంటుంది.

రైతులకు వాటా ఇవ్వాలన్న సంగతి ప్రభుత్వాలు గ్రహించాయి. రువాండా 2005లో పర్యాటక ఆదాయంలో ఐదు శాతం చుట్టుపక్కల ఊళ్ళకు కేటాయించడం మొదలుపెట్టి, 2017లో పది శాతం చేసింది. అదే ఏడు టికెట్టు 750 నుంచి 1500 డాలర్లకు పెంచింది. తక్కువమంది రావాలి, ఎక్కువ సొమ్ము రావాలి అన్నది దాని నీతి. ఆ సొమ్ముతో బడులు, ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. ఏటా కొత్తగా పుట్టిన గొరిల్లా పిల్లలకు పేర్లు పెట్టే 'క్విటా ఇజీనా' ఉత్సవం 2005 నుంచి జాతీయ పండుగంత ఘనంగా జరుగుతోంది. అయితే కోతులు తిన్న మొక్కజొన్న చేను ఎవరిదో, బడి కట్టిన ఊరు ఎవరిదో రెండూ ఒకటి కాకపోవచ్చు. సాముదాయికంగా వచ్చే లాభం, ఒక్కడికి జరిగే నష్టం ఎప్పుడూ సరితూగవు.

ఈ ఏర్పాటు ఎంత సన్నని దారం మీద వేలాడుతున్నదో 2020లో బయటపడింది. మార్చిలో కోవిడ్ కారణంగా వనాలు మూతపడ్డాయి. కూలీల, వసతి గృహాల ఉద్యోగుల ఆదాయం ఒక్కసారిగా ఆగింది. ఆకలి వేసినవాళ్ళు పాత ఉచ్చులు దులిపారు. జూన్‌లో బ్విండీలోని న్కురింగో కుటుంబపు వెండివీపు పెద్ద రఫీకి అడవి పంది వేటకు వెళ్ళినవారి ఈటెకు బలైంది. పట్టుబడినవాడు అది తన మీదికి వచ్చిందని, ఆత్మరక్షణకు పొడిచానని చెప్పాడు. పదకొండేళ్ళ జైలుశిక్ష పడింది. రఫీకి అనే స్వాహిలీ మాటకు స్నేహితుడు అని అర్థం. మనిషిని చూసి తప్పుకోకపోవడం నేర్చిన గొరిల్లాకు, కెమెరా పట్టుకున్న మనిషికీ ఈటె పట్టుకున్న మనిషికీ తేడా తెలిసే అవకాశం లేదు.

2018 నవంబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం కొండ గొరిల్లాను 'తీవ్రంగా అంతరించే ప్రమాదం' నుంచి ఒక మెట్టు కిందికి, 'అంతరించే ప్రమాదం' స్థాయికి మార్చింది. పెద్ద వానరాలలో ఇలా సంఖ్య పెరుగుతున్నది ఇదొక్కటే. ఆ పెరుగుదలే ఇప్పుడు కొత్త సమస్య. విరుంగాలో కరిసోకె సిబ్బంది గమనించే ప్రాంతంలో ఒకప్పుడు మూడు కుటుంబాలు ఉన్నచోట 2007 తరువాత చీలికలు వచ్చి ఎన్నో కుటుంబాలయ్యాయి. కుటుంబాలు ఎదురుపడడం ఎక్కువై, ఘర్షణలు, పరాయి మగల చేతిలో పిల్లల మరణాలు పెరిగి, వృద్ధి మందగించింది. అడవి మాత్రం అంతే ఉంది. రువాండా వైపు వనం విస్తీర్ణం సుమారు 160 చదరపు కిలోమీటర్లు. గోడ అవతల అంగుళం ఖాళీ లేకుండా సాగుభూమి. పొలాల్లో కొంత భాగాన్ని కొని అడవిలో తిరిగి కలపాలని ఆ దేశం పూనుకుంది. పైరెత్రం కోసం కొట్టిన అడవి బాపతు నేలను అర్ధశతాబ్దం తరువాత తిరిగి కొనడం అన్నమాట. ఈసారి కదలవలసినవారు అక్కడ స్థిరపడిన రైతు కుటుంబాలు.

గొరిల్లాలు ఈలోగా తామే గోడ దాటుతున్నాయి. రువాండాలో యూకలిప్టస్ బెరడు కోసం, బ్విండీ చుట్టుపట్ల అరటి బోదెలోని మెత్తటి దూట కోసం అవి పొలాల్లోకి వస్తాయి. అరటిపండు కన్నా బోదె వాటికి ఇష్టం; చెట్టు కూలితే గాని బోదె దొరకదు కనుక రైతుకు గెలతో సహా పోతుంది. మనిషంటే భయం పోయిన కుటుంబాలే ఇలా రావడం ఎక్కువ. న్కురింగో అంచున అడవికీ పొలానికీ మధ్య గొరిల్లాలు ముట్టని తేయాకు నాటి చూశారు. ఇంకా వచ్చేవాటిని వెనక్కి తోలడానికి ఊళ్ళలో స్వచ్ఛంద దళాలున్నాయి. రాళ్ళు రువ్వకుండా, ఈటె ఎత్తకుండా, గంటలు మోగిస్తూ, కేకలు వేస్తూ, అర్ధవలయంగా నిలబడి ఆ కుటుంబాన్ని నెమ్మదిగా అడవి వైపు నడిపిస్తారు. మరునాటి ఉదయం అదే కుటుంబం దగ్గరకు ఎనిమిదిమంది యాత్రికులు మాస్కులు తగిలించుకుని నిశ్శబ్దంగా వెళతారు.